నీటిమట్టం నుంచి టీఎంసీలకు, టీఎంసీల నుంచి నీటిమట్టానికి: అన్వేక ప్రమేయం, దాని విలోమం

కృష్ణాకు వరద మొదలైందంటే పత్రికల నల్లగొండ, మహబూబ్‌నగర్ పేజీల్లో రోజూ ఒక చిన్న బాక్సు కనిపిస్తుంది. నాగార్జునసాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు, ఇవాళ ఇన్ని అడుగులు. పూర్తి నిల్వ 312 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), ఇవాళ ఇన్ని టీఎంసీలు. చదివేవారికి ఇవి రెండు వేర్వేరు కొలతల్లా అనిపిస్తాయి గానీ, డ్యాం దగ్గర నేరుగా కొలిచేది నీటిమట్టాన్ని మాత్రమే. అంత పెద్ద జలాశయంలో ఉన్న నీటి ఘనపరిమాణాన్ని ఏ స్కేలూ కొలవలేదు. మట్టం ఎంతో చూసి, సర్వే చేసి ముందే తయారుచేసుకున్న పట్టికలో ఆ మట్టానికి ఎదురుగా ఉన్న టీఎంసీల అంకెను రాస్తారు. అంటే పట్టికే ఇక్కడ ప్రమేయం. అడుగులు ఇస్తే టీఎంసీలు ఇస్తుంది.

అదే పట్టికను అటు నుంచి ఇటు కూడా చదవాల్సి వస్తుంది. ఎగువ నుంచి ఇంకో 20 టీఎంసీలు వస్తున్నాయి, మట్టం ఎక్కడిదాకా పెరుగుతుంది? గేట్లు ఎప్పుడు ఎత్తాలి? అప్పుడు చేతిలో ఉన్నది టీఎంసీల అంకె, కావాల్సింది అడుగులు. కుడి గడిలో వెతికి ఎడమ గడిలోకి రావాలి. ఇలా వెనక్కి చదివితే వచ్చేదే విలోమ ప్రమేయం. వెనక్కి చదివినప్పుడు ఒకే జవాబు దొరుకుతుందన్న హామీ ఇచ్చేది అన్వేక గుణం.

ఇంటర్ మొదటి సంవత్సరం గణితం 1ఏలో ఏళ్లుగా మొదటి పాఠం ప్రమేయాలే. కాలేజీలో చేరిన మొదటి వారాల్లో, ఇంకా హాస్టల్ కూడా అలవాటు కాకముందే, ఈ పాఠం అయిపోతుంది. చాలామందికి గుర్తుండిపోయేది ఒక పద్ధతి మాత్రమే: వై = ఎఫ్(ఎక్స్) అనుకో, ఎక్స్ విలువ కట్టు, చివర్లో ఎక్స్, వైలు తారుమారు చేసి రాయి. పద్ధతి తప్పు కాదు, కానీ అది పనిలో చిన్న భాగం. విలోమం అసలు ఉందా, ఉంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉంది అన్నది ముందు తేలాలి. ఆ నిర్ణయం చాలాసార్లు సూత్రాన్ని చూస్తే తేలదు, ప్రదేశాన్ని, అంటే ప్రమేయంలోకి రానిచ్చే ఇన్‌పుట్‌ల సమితిని చూస్తే తేలుతుంది.

ముందు నిర్వచనం, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. ఒక ఇన్‌పుట్‌కు ఒకే ఒక అవుట్‌పుట్ ఉండాలన్నది ప్రమేయం కావడానికి షరతు. అన్వేకం కావడానికి షరతు అది కాదు. వేర్వేరు ఇన్‌పుట్‌లకు వేర్వేరు అవుట్‌పుట్‌లు రావాలి, ఏ రెండూ ఒకే చోటికి చేరకూడదు. రాతలో చెప్పాలంటే, ఎఫ్(ఎ) = ఎఫ్(బి) అయినప్పుడల్లా ఎ = బి కావాలి. "ఒకదానికి ఒకటే" అని బట్టీపట్టిన విద్యార్థి మొదటిదాన్నే రెండోదనుకుని పరీక్షలో రాసేస్తాడు.

బండి నంబరు ప్లేటు మొదట్లో ఉండే కోడ్ తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఏపీ 24, టీఎస్ 05, టీజీ 05 మూడూ నల్లగొండ కోడ్‌లే. ఏపీ 22, టీఎస్ 06, టీజీ 06 మహబూబ్‌నగర్‌వి. రాష్ట్రం ఏర్పడ్డాక ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ ఇస్తున్నారు. కోడ్ చెబితే రిజిస్ట్రేషన్ నాటి జిల్లా ఒక్కటే వస్తుంది కాబట్టి అది ప్రమేయమే. కానీ జిల్లా చెబితే కోడ్ ఏదో చెప్పలేం, మూడింటిలో ఏదైనా కావచ్చు. కాబట్టి అన్వేకం కాదు. ఇంకాస్త ముందుకెళ్లి, రిజిస్ట్రేషన్ నాటి జిల్లా కాకుండా ఇప్పటి జిల్లా అడిగితే కథ మరీ చెడుతుంది. 2016 అక్టోబరు 11న జిల్లాలను విడదీసినప్పుడు పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరుపడ్డాయి. ఏపీ 24 బండి మూడింటిలో ఎక్కడిదైనా కావచ్చు. ఒకే ఇన్‌పుట్‌కు మూడు జవాబులు వస్తున్నాయంటే అది ప్రమేయమే కాదు, ఇక అన్వేకమా కాదా అన్న ప్రశ్నకే తావు లేదు.

పదో తరగతి మెమోల్లో కొన్నేళ్లపాటు మార్కుల బదులు గ్రేడ్లే ఇచ్చిన సంగతి తెలిసిందే. 91 నుంచి 100 దాకా ఎన్ని వచ్చినా ఏ1, 10 పాయింట్లు. మార్కుల నుంచి గ్రేడుకు దారి ఉంది, గ్రేడు నుంచి మార్కులకు లేదు. 91కీ 99కీ ఉన్న తేడా ఆ మెట్టు దగ్గరే పోయింది, ఏ సూత్రంతోనూ తిరిగి రాదు. అన్వేకం కాని ప్రతి ప్రమేయమూ ఇలాగే కొంత సమాచారాన్ని మింగేస్తుంది.

మళ్లీ సాగర్ దగ్గరికి వస్తే, ఆ పట్టిక అన్వేకమే అని ఎలా నమ్మడం? అందులోని వందల వరుసల్ని జతలు జతలుగా పోల్చి చూడక్కర్లేదు. మట్టం ఏ కొంచెం పెరిగినా, ఆ ఎత్తున నీరు పరుచుకున్న విస్తీర్ణం మేరకు నిల్వ పెరిగి తీరుతుంది. విస్తీర్ణం ఎక్కడా సున్నా కాదు కాబట్టి పెరుగుదల ఎక్కడా ఆగదు, వెనక్కి తగ్గదు. ఇలా ఎప్పుడూ పెరుగుతూనే ఉండే, లేదా ఎప్పుడూ తగ్గుతూనే ఉండే ప్రమేయం అన్వేకం కాక తప్పదు. రెండు వేర్వేరు మట్టాల్లో ఒకటి తప్పకుండా ఎక్కువ, కాబట్టి దాని నిల్వ కూడా తప్పకుండా ఎక్కువ.

గ్రాఫ్ గీస్తే ఇదే విషయం కంటికి కనిపిస్తుంది. ఏ ఎత్తున అడ్డగీత గీసినా అది వక్రాన్ని ఒకటికి మించి చోట్ల తాకకూడదు. నిలువు గీతతో చేసే పరీక్ష ప్రమేయమా కాదా అని చెబుతుంది, అడ్డగీతతో చేసే పరీక్ష అన్వేకమా కాదా అని చెబుతుంది. సాగర్ నిల్వ గ్రాఫ్ ఈ పరీక్షలో గెలుస్తుంది. అదే సాగర్‌కు తేదీకీ మట్టానికీ మధ్య గ్రాఫ్ గీస్తే ఓడిపోతుంది. ఆగస్టులో నిండేటప్పుడు దాటిన మట్టాన్నే యాసంగి నీళ్లు వదిలాక ఫిబ్రవరిలోనో మార్చిలోనో దిగేటప్పుడు మళ్లీ దాటుతుంది. "మట్టం 560 అడుగులు ఉన్న రోజు ఏది?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు.

పట్టికకు ఇంకో మెలిక ఉంది. సాగర్ కట్టిన కొత్తలో 590 అడుగుల దగ్గర నిల్వ 408 టీఎంసీలు. ఇప్పుడు అదే 590 దగ్గర 312. మధ్యలో పోయిన 96 టీఎంసీల చోటును పూడిక ఆక్రమించింది. ఎగువన శ్రీశైలానిదీ అదే దారి. 885 అడుగుల దగ్గర ఒకప్పటి 308 టీఎంసీలు ఇప్పుడు దాదాపు 216కు పడిపోయాయి. అంటే నిల్వ అనేది మట్టం ఒక్కదాని ప్రమేయం కాదు, మట్టం, సర్వే చేసిన సంవత్సరం అనే రెండు ఇన్‌పుట్‌ల ప్రమేయం. అలా చూస్తే అది అన్వేకం కాదు. 312 టీఎంసీలు అనగానే అది ఇప్పటి నిండు సాగరా, లేక పాత పట్టిక ప్రకారం ఇంకా చాలా అడుగుల వెలితి ఉన్న సాగరా అన్నది తేలదు. సర్వే సంవత్సరాన్ని ఒక్కచోట బిగించేస్తే మిగిలేది మట్టం మాత్రమే, అన్వేకం తిరిగొస్తుంది. సూత్రం మారలేదు, పట్టికలు మారలేదు. ఏ ఇన్‌పుట్‌లను లోపలికి రానిస్తున్నాం అన్నదే మారింది.

పట్టికను వెనక్కి చదివేటప్పుడు అంకెలు ఎలా కదులుతాయో కూడా చూడాలి. నిండుకు దగ్గర్లో సాగర్‌లో ఒక్క అడుగుకు సుమారు 3 టీఎంసీలు. 510 అడుగుల నుంచి 590 దాకా 80 అడుగుల్లో సుమారు 180 టీఎంసీలే కాబట్టి సగటున అడుగుకు 2.25. పైన 3 ఉండి సగటు 2.25 అయిందంటే కింది అడుగుల్లో 2 కన్నా తక్కువే పట్టాలి. కిందికి పోయేకొద్దీ లోయ ఇరుకు. విలోమంలో ఇవి తలకిందులవుతాయి. పైన ఒక్క టీఎంసీ వస్తే మట్టం అడుగులో మూడో వంతు, అంటే నాలుగు అంగుళాలే పెరుగుతుంది. కింద అదే టీఎంసీకి ఆరు అంగుళాల పైనే పెరుగుతుంది. ప్రమేయం వాలు ఎంతో, విలోమం వాలు దాని వ్యుత్క్రమం, అంటే 1ని దానితో భాగిస్తే వచ్చేది. అవకలనం పాఠం వచ్చేదాకా ఆగనక్కర లేకుండా ఈ సూత్రం ఇక్కడే అర్థమవుతుంది. లక్ష క్యూసెక్కుల (సెకనుకు లక్ష ఘనపుటడుగుల) ఇన్‌ఫ్లో ఒక రోజంతా ఉంటే వచ్చేది 8.64 టీఎంసీలు. కింద ఏమీ వదలకపోతే నిండుకు దగ్గర్లో అది రోజుకు మూడు అడుగులకు కాస్త తక్కువ.

ఇక సూత్రాలతో విలోమం కనుక్కోవడం. పొలం లెక్కలాంటి తేలికవాటి దగ్గర ఆగాల్సిన పని లేదు. గుంటకు 121 చదరపు గజాలు కాబట్టి గుంటల్ని గజాలు చేయడానికి 121తో గుణిస్తే, గజాల్ని గుంటలు చేయడానికి 121తో భాగిస్తాం, అంతే. కొంచెం చిక్కు ఉన్న ఉదాహరణ తీసుకుందాం.

ఎఫ్(ఎక్స్) = (2ఎక్స్ + 3) / (ఎక్స్ − 4)

హారం సున్నా కాకూడదు కాబట్టి ఎక్స్ 4 కాకూడదు. మిగతా వాస్తవ సంఖ్యలన్నీ ప్రదేశంలో ఉన్నాయి. అన్వేకమా అని చూడాలంటే (2ఎ + 3)/(ఎ − 4) = (2బి + 3)/(బి − 4) అనుకుని అడ్డగుణకారం చేయాలి. 2ఎబి − 8ఎ + 3బి − 12 ఒకవైపు, 2ఎబి − 8బి + 3ఎ − 12 రెండోవైపు వస్తాయి. ఉమ్మడివి కొట్టేస్తే 11బి = 11ఎ, అంటే ఎ = బి. అన్వేకమే. ఇప్పుడు వై(ఎక్స్ − 4) = 2ఎక్స్ + 3 అని రాసి, ఎక్స్ ఉన్నవన్నీ ఒకవైపుకు తెస్తే ఎక్స్(వై − 2) = 4వై + 3. కాబట్టి

ఎక్స్ = (4వై + 3) / (వై − 2)

వై 2 కాకూడదు అని హారమే చెబుతోంది. అంటే మూల ప్రమేయం ఎన్నటికీ 2 అనే విలువను ఇవ్వదు. వ్యాప్తిలో, అంటే ప్రమేయం నిజంగా ఇచ్చే విలువల్లో, లేనిది విలోమం ప్రదేశంలోకి రాదు. సరిచూడటం కష్టమేమీ కాదు. 5 పెడితే 13/1, అంటే 13 వచ్చింది. విలోమంలో 13 పెడితే 55/11, అంటే 5. ఈ ఒక్క నిమిషం పని చేయకుండా ఆన్సర్ షీటు ఇచ్చేసేవాళ్లే ఎక్కువ.

చాలా పుస్తకాల్లో ఇక్కడ ఎక్స్, వైలను తారుమారు చేసి రాయమంటారు. నిజానికి ఆ మార్పిడికి పెద్ద అర్థం లేదు. సాగర్ లెక్కలో ఎక్స్ అంటే అడుగులు, వై అంటే టీఎంసీలు. విలోమం రాసేటప్పుడు వాటి పేర్లు మార్చేస్తే అడుగులు టీఎంసీలు అయిపోవు, గందరగోళం మాత్రం మిగులుతుంది. మార్పిడి అవసరమయ్యేది ఒక్కచోటే: ప్రమేయాన్నీ విలోమాన్నీ ఒకే గ్రాఫు కాగితం మీద, ఒకే అక్షాలతో గీయాలనుకున్నప్పుడు. అప్పుడు రెండు వక్రాలూ వై = ఎక్స్ రేఖకు అటూ ఇటూ ప్రతిబింబాల్లా వస్తాయి. దాన్ని పద్ధతిలో ముఖ్యమైన మెట్టుగా నేర్పడం వల్లే, విలోమం అంటే అక్షరాలు తారుమారు చేయడమే అన్న భావన పిల్లల్లో పాతుకుపోతోంది.

ఆ భావన ఎక్కడ దెబ్బతీస్తుందో చూడాలంటే వర్గ ప్రమేయం చాలు. ఎఫ్(ఎక్స్) = ఎక్స్² − 6ఎక్స్ + 11. వర్గాన్ని పూర్తిచేస్తే (ఎక్స్ − 3)² + 2. 1 పెట్టినా 6 వస్తుంది, 5 పెట్టినా 6 వస్తుంది. అన్వేకం కాదు, విలోమం లేదు. అయినా పద్ధతి ప్రకారం గుడ్డిగా పోతే ఎక్స్ = 3 ± √(వై − 2) అని ఏదో ఒకటి వచ్చేస్తుంది. ఆ ± గుర్తే ప్రమాద సూచిక, రెండు జవాబులున్నాయని అది చెబుతోంది. దాన్ని పట్టించుకోకుండా ప్లస్ ఉంచేసి ముందుకు పోతారు. ప్లస్ ఉంచడం తప్పని కాదు. ప్రదేశాన్ని 3, ఆపైన ఉన్న సంఖ్యలకు కుదిస్తే విలోమం 3 + √(వై − 2) అవుతుంది. 3, అంతకన్నా తక్కువ వాటికి కుదిస్తే 3 − √(వై − 2) అవుతుంది. ఒకే సూత్రం నుంచి రెండు వేర్వేరు ప్రమేయాలు, రెండు వేర్వేరు విలోమాలు. ఏది కావాలో ముందు చెప్పకపోతే ప్రశ్నే అసంపూర్ణం.

ప్రదేశాన్ని కుదించడం, సహప్రదేశాన్ని (అవుట్‌పుట్‌లు ఉండొచ్చని ముందే చెప్పుకున్న సమితిని) కుదించడం ఒకటి కాదు. 10 ఘాతం ఎక్స్ అనే ప్రమేయాన్ని వాస్తవ సంఖ్యల నుంచి వాస్తవ సంఖ్యలకు అని రాస్తే అది అన్వేకమే గానీ సంగ్రస్తం కాదు, అంటే సహప్రదేశంలోని ప్రతి విలువకూ చేరదు; రుణ సంఖ్య గానీ సున్నా గానీ ఎప్పుడూ రాదు. విలోమం ఉండాలంటే రెండూ కావాలి, అంటే ద్విగుణ ప్రమేయం కావాలి. సహప్రదేశాన్ని ధన సంఖ్యలకు కుదిస్తే చాలు, 10 ఆధారంగా సంవర్గమానం (లాగ్) దాని విలోమంగా వచ్చేస్తుంది. ఈ కుదింపులో పోయేదేమీ లేదు, ఎవరూ చేరని చోటునే తీసేశాం. ప్రదేశాన్ని కుదించినప్పుడు మాత్రం నిజంగా కొన్ని ఇన్‌పుట్‌లను వదులుకుంటున్నాం. లాగ్ టేబుల్ వాడిన తరానికి దాని వెనుకే ఉండే యాంటీలాగ్ టేబుల్ గుర్తుండే ఉంటుంది. సంవర్గమానాలను 1614లో జాన్ నేపియర్ ప్రకటించాక, కాలిక్యులేటర్లు వచ్చేదాకా, పెద్ద గుణకారాలు చేసిన చాలామంది లాగ్‌కూ యాంటీలాగ్‌కూ మధ్య అటూ ఇటూ తిరిగినవారే.

విలోమం ఉండటం వేరు, దానికి సూత్రం దొరకడం వేరు. ఎక్స్³ + ఎక్స్ ఎప్పుడూ పెరిగే ప్రమేయం, కాబట్టి విలోమం ఖాయంగా ఉంది. కానీ వై = ఎక్స్³ + ఎక్స్ నుంచి ఎక్స్‌ను ఇంటర్ పద్ధతుల్లో విడదీయలేం. అయినా 10కి విలోమం 2 అని చూడగానే చెప్పొచ్చు, 8 + 2 = 10 కదా. 20కి విలోమం 2కూ 3కూ మధ్య ఉంది, తడిమి తడిమి చూస్తే 2.59 దగ్గర తేలుతుంది. సాగర్ పట్టికకు ఏ సూత్రమూ లేదు, అయినా రెండు వైపులా నడుస్తోంది. 589 దగ్గర 309, 590 దగ్గర 312 ఉంటే 310.5 టీఎంసీలకు 589.5 అడుగులని మధ్య విలువ కట్టి చెబుతారు. ఇక పక్కనే ఉన్న ఎక్స్³ − ఎక్స్ చూడటానికి దాని తమ్ముడిలాగే ఉంటుంది, కానీ −1, 0, 1 మూడింటికీ సున్నానే ఇస్తుంది. ఘాతం మూడు ఉంటే అన్వేకమే అని చెప్పుకునే షార్ట్‌కట్ అక్కడ పనిచేయదు.

రాసే గుర్తు గురించి ఒక మాట. ఎఫ్ మీద −1 అని రాసే అలవాటు సైన్ వంటి ప్రమేయాలకు 1813లో జాన్ హెర్షెల్‌తో వచ్చింది. సంఖ్య మీద −1 ఘాతం ఉంటే వ్యుత్క్రమం, ప్రమేయం మీద ఉంటే విలోమం. ఒకే గుర్తుకు రెండు పనులు అప్పగించడం వల్ల ఏటా వేలమంది సైన్ ఇన్వర్స్ ఎక్స్‌ను 1/సైన్ ఎక్స్ అని రాస్తుంటారు. వాళ్లనే పూర్తిగా తప్పుపట్టలేం, ఎందుకంటే సైన్² ఎక్స్ అన్నప్పుడు అదే చోట ఉన్న 2ను గుణకారంగా చదవమని నేర్పింది కూడా ఇదే పుస్తకం. సైన్ అన్వేకం కాదు, 30 డిగ్రీలకూ 150 డిగ్రీలకూ విలువ సగమే. అందుకని −90 నుంచి 90 డిగ్రీల దాకా మాత్రమే తీసుకుని విలోమం కట్టారు. సైన్ 150 కట్టి, వచ్చినదానికి సైన్ ఇన్వర్స్ కడితే 30 వస్తుంది, 150 రాదు. ఈఏపీసెట్ లాంటి పరీక్షల్లో ఈ ఉచ్చు తరచూ కనిపిస్తుంది.

సంయుక్త ప్రమేయాల విలోమం ఏడు మార్కుల ప్రశ్నగా తరాలుగా వస్తోంది: ఎఫ్ తర్వాత జీ చేస్తే, ఆ మొత్తం విలోమం ముందు జీ విలోమం, తర్వాత ఎఫ్ విలోమం. నిరూపణను బట్టీపట్టి రాసేవాళ్లకు క్రమం ఎందుకు తిరగబడుతుందో తట్టదు. కృష్ణా మీదే ఉన్న జూరాల ప్రాజెక్టు దగ్గర చూస్తే తడుతుంది. జూరాల మట్టాన్ని మీటర్లలో చెబుతారు. పూర్తిస్థాయి 318.516 మీటర్లు, అడుగుల్లో అది సరిగ్గా 1,045, నిల్వ 9.657 టీఎంసీలు. పట్టిక అడుగుల్లో ఉందనుకుందాం. మీటర్లను అడుగులు చేసి, ఆపైన పట్టిక చూసి టీఎంసీలకు వస్తాం. వెనక్కి రావాలంటే ముందు పట్టికను వెనక్కి చదివి అడుగులు తెచ్చుకోవాలి, తర్వాతే మీటర్లు. టీఎంసీలను ముందు మీటర్లుగా మార్చే పని లోకంలో లేదు, కాబట్టి వేరే క్రమమే సాధ్యం కాదు.

ఇదంతా క్లాసురూము లెక్క కాదని చెప్పడానికి నల్లగొండ దగ్గర గట్టి ఉదాహరణే ఉంది. ఫ్లోరైడ్. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల ఫొటోలు దేశమంతా చూసింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు అన్నది భారతీయ ప్రమాణం. మరి బోరు నీటిలో ఎంతుందో ఎలా తెలుస్తుంది?

ల్యాబుల్లో ఎక్కువగా వాడే పద్ధతిలో జిర్కోనియం కలిసిన ఒక ఎర్రటి రంగు ద్రావణం ఉంటుంది. నీటిలో ఫ్లోరైడ్ ఉంటే అది జిర్కోనియంను లాగేసుకుంటుంది, రంగు వెలిసిపోతుంది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువైతే రంగు అంత తక్కువ. రంగును మీటరులో కొలుస్తారు. ప్రకృతి చేసే ప్రమేయం ఫ్లోరైడ్ నుంచి రంగుకు. ల్యాబులో మనిషికి కావాల్సింది రంగు నుంచి ఫ్లోరైడ్‌కు. అంటే ప్రతి నీటి పరీక్షా ఒక విలోమ ప్రమేయపు లెక్కే. అందుకే ముందుగా 0, 0.2, 0.4 అంటూ తెలిసిన మోతాదులతో ద్రావణాలు చేసి, వాటి రంగు కొలిచి గ్రాఫ్ గీసుకుంటారు. తర్వాత బోరు నీటి రంగును నిలువు అక్షం మీద పట్టుకుని, అడ్డంగా వక్రం దాకా పోయి, అక్కడి నుంచి కిందికి దిగి ఫ్లోరైడ్ చదువుతారు. అడ్డగీత పరీక్ష కాగితం మీద కాకుండా చేత్తో చేయడమంటే ఇదే.

ఈ పద్ధతి లీటరుకు సుమారు 1.4 మిల్లీగ్రాముల దాకే తిన్నని గీతలా నడుస్తుంది. ఆపైన రంగు దాదాపు అంతా వెలిసిపోయి, ఫ్లోరైడ్ 4 ఉన్నా 6 ఉన్నా మీటరు ఇంచుమించు ఒకే అంకె చూపిస్తుంది. అన్వేక గుణం ఆచరణలో చచ్చిపోతుంది. సమస్య ఉన్న ఊళ్లలో నీరు ఉండేదే ఆ పరిధికి పైన. అందుకే నీటిని పలచన చేస్తారు. 20 మిల్లీలీటర్ల బోరు నీటికి 80 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపితే ఫ్లోరైడ్ ఐదో వంతు అవుతుంది. అప్పుడు గ్రాఫులో 0.84 వస్తే, ఐదుతో గుణించి 4.2 అంటారు. ప్రదేశాన్ని కుదించడం అన్న ఇంటర్ మాటకు ల్యాబులో రూపం ఇది. కొలవాల్సిన విలువనే అన్వేకంగా ఉన్న పరిధిలోకి దింపారు. జూరాల దగ్గర చూసిన క్రమమే ఇక్కడా ఉంది. ముందు పలచన, తర్వాత రంగు, కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు ముందు గ్రాఫు, చివర్లో ఐదుతో గుణకారం.

ఈ సమస్యకు నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన శుద్ధి విధానానికి నల్లగొండ పేరే పెట్టారు. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెట్టి, తేరనిచ్చి వడకట్టడం. అక్కడా ప్రశ్న వెనక్కే. ఇంత పటిక వేస్తే ఫ్లోరైడ్ ఎంత తగ్గుతుంది అన్నది ముందుకు వెళ్లే ప్రమేయం. 1కి తేవాలంటే ఎంత పటిక వేయాలి అన్నది విలోమం. పటిక మోతాదు నీటి క్షారత మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి, సాగర్ పట్టికలో సర్వే సంవత్సరంలాగే, క్షారతను ముందు బిగిస్తే తప్ప మోతాదు చెప్పలేరు. ఇంకో చిక్కు ఏమిటంటే పటికలో అల్యూమినియం ఉంటుంది. అది నీటిలో మిగిలితే ఫ్లోరైడ్‌ను పట్టుకుని రంగు పరీక్షలో ఫ్లోరైడ్ తక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. రంగు అనేది ఫ్లోరైడ్ ఒక్కదాని ప్రమేయం కాకుండా పోతుంది, ఒకే రంగుకు రెండు రకాల నీళ్లు సాధ్యమవుతాయి. ముందుగా నీటిని స్వేదనం చేసి అల్యూమినియంను వదిలించుకున్నాకే గ్రాఫును నమ్మాలి.

ఖరీదైన ల్యాబుల్లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ వాడతారు. అది రంగు బదులు వోల్టేజీ ఇస్తుంది. ఫ్లోరైడ్ పది రెట్లు అయితే, 25 డిగ్రీల దగ్గర, రీడింగు సుమారు 59 మిల్లీవోల్టులు పడిపోతుంది. ఇది సంవర్గమాన ప్రమేయం, దీని విలోమం ఘాతీయం. రంగు పరీక్షలా 1.4 దగ్గర ఆగిపోదు, విస్తారమైన పరిధిలో అన్వేకంగా ఉంటుంది. అయితే విలోమం ఉన్నంత మాత్రాన అది ఎంత మొనతేలిన జవాబు ఇస్తుందన్నది వాలు మీద ఉంటుంది. ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే గాఢతలో 10 ఘాతం 1/59, అంటే దాదాపు 4 శాతం తేడా. నీటిలో నిజంగా 1.5 ఉంటే రిపోర్టులో 1.44 రావచ్చు, 1.56 రావచ్చు. మొదటిది వస్తే ఆ బోరు పరిమితికి లోపల, రెండోది వస్తే బయట. అందుకే గీతకు ఇంత దగ్గరగా ఉన్న నమూనాను ఒక్క రీడింగుతో తేల్చకుండా మళ్లీ మళ్లీ కొలిచి సగటు తీస్తారు.